బండికి పూసిన లడఖ్ మట్టి

లడఖ్ దాకా మోటారు సైకిలు మీద వెళ్లి, కొండచరియలూ మంచూ దాటుకుని, ఒంటిమీద గీత పడకుండా తిరిగొచ్చి, కంచరపాలెంలో సొంత ఇంటి గుమ్మం ముందు పడిపోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నన్ను చూడండి. పడింది బండి కాదు, పరువు. బండైతే లేవనెత్తేవాణ్ణి.

గొడవంతా మా బావ ప్రభుదాసుతో మొదలైంది. నా భార్య సుగుణకి సొంత అన్న. స్నేహితులతో లడఖ్ వెళ్తున్నానని చెబితే, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లో అందరి ముందూ నవ్వాడు. నేను బరంపురంలో లాడ్జి తీసుకుని, తిని పడుకుని, తాపీగా తిరిగొచ్చేస్తానట. ఫొటోలు పంపుతానంటే, ఈ రోజుల్లో ఫోనులో మనిషిని చంద్రుడి మీద కూడా నిలబెడుతున్నారన్నాడు. పోనీ స్నేహితులు చెబుతారంటే, వాళ్లూ అదే లాడ్జిలో ఉంటారు కదా అన్నాడు.

సుగుణకి రోషం వచ్చేసింది. "మా ఆయన ఎల్తారన్నయ్యా. ఎల్లకపోతే ఈ క్రిస్మస్‌కి మీ ఇంట్లో అరిసెలన్నీ నానే వండుతాను" అంది. ప్రభుదాసు ఇంటి అరిసెలంటే చుట్టాలకీ, చర్చికీ, వీధి మొత్తానికీ పంచేవి. అంతమందిలో నన్ను నమ్మింది ఆవిడొక్కతే. ఆ మాటకి నా గుండె నిండిపోయింది.

లడఖ్‌లో బండికి పట్టిన మట్టి చూశాక నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. నా ఆలోచనలన్నీ మొదట్లో గొప్పగానే ఉంటాయి లెండి. బూడిద రంగు మట్టి, ఇంజను నుంచి మడ్‌గార్డు దాకా అట్టకట్టేసింది. ఫొటోని కాదనొచ్చు గానీ మట్టిని ఎవడు కాదంటాడు? మిగతావాళ్లు దారిలో బళ్లు కడిగించుకున్నారు. నేను మాత్రం ఢిల్లీ దాటి, ఒడిశా దాటి, ఆ మట్టిని కొత్త పెళ్లికూతుర్ని తెస్తున్నట్టు తెచ్చాను. ఎక్కడైనా ఎవరైనా గుడ్డ పట్టుకుని బండి దగ్గరికొస్తే పరిగెత్తేవాణ్ణి.

ప్రయాణం ముగింపుకొచ్చేసింది, ఇక మన జిల్లాలే కదా అనుకుంటుండగా ఇచ్ఛాపురం దగ్గర వాన పట్టుకుంది. బండి ఆపి, నా రెయిన్‌కోటు విప్పి దానికి కప్పి, పక్కన తడుస్తూ నిలబడ్డాను. మాతో లడఖ్ వచ్చిన స్నేహితుడు, గాజువాకలో టైర్ల షాపు నడిపే అప్పల్రాజు నన్ను జాలిగా చూశాడు.

"బావా, జొరం నీకొత్తాది గాని బండికి రాదు. ఆ కోటు నువ్వేసుకో."

వాన తగ్గలేదు. ఎంతసేపని నిలబడతాం? బయల్దేరాం. శ్రీకాకుళం చేరేసరికి నా బండి షోరూమ్‌లోంచి అప్పుడే బయటికొచ్చినట్టుంది.

అక్కడితో ఊరుకోవచ్చు కదా అంటారు మీరు. ఊరుకునేవాణ్ణయితే ఇదంతా మీకెందుకు చెబుతాను? మర్నాడు ఊళ్లోకి రాగానే ఇంటికి తిరక్కుండా, అప్పల్రాజుని వెంటబెట్టుకుని తిన్నగా పోర్టు వైపు వెళ్లాను. ఇనుప ఖనిజం లారీలు తిరిగే రోడ్డు పక్కన కావలసినంత బురద. రెండు చేతులా తీసి బండికి పూశాను.

"ఆ మన్ను బూడిద రంగు గదేటి బావా, ఇది ఎర్రగా ఉంది" అన్నాడు అప్పల్రాజు.

ఆరితే రంగు మారుతుందని చెప్పాను. ఆరింది. ఇంకా ఎర్రబడింది.

ఇంటి ముందు వీధంతా ఉంది. ప్రభుదాసు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి చూశాడు, తల గోక్కున్నాడు. "సరే బావా, ఎల్లొచ్చినట్టే ఉన్నావ్" అన్నాడు. ఆ మాట కోసమే కదా నేనింత పాటుపడ్డది. సుగుణ మొహం వెలిగిపోయింది. మురిసిపోతూ వచ్చి పెట్రోలు ట్యాంకు మీద చెయ్యేసింది. చెయ్యి తీసి చూసుకుంది. వేళ్ల మధ్య నలిపింది.

"ఏటండీ ఇది?"

"లడఖ్ మట్టి."

"పెళ్లైన కాణ్ణించీ రోజూ పోర్టు గాలికొచ్చే ఇదే మన్ను కిటికీల మీద తుడుత్తన్నాను, ఆరేసిన బట్టల్లోంచి దులుపుతన్నాను. నాకు తెల్దేటి?"

అనేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పటికే ప్రభుదాసు మా మెట్ల మీద కూలబడి, కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతున్నాడు. నేను వాన సంగతీ, కోటు సంగతీ మొత్తం చెప్పుకున్నాను. నిజం చెప్పేకొద్దీ నవ్వులు పెరిగాయి. అప్పల్రాజు సాక్ష్యం చెప్పబోతే, లాడ్జిలో నీది ఏ గదిరా అని అడిగాడు ప్రభుదాసు.

అందరూ వెళ్లాక సుగుణ బకెట్టూ గుడ్డా తెచ్చి నా ముందు పెట్టింది. నన్ను నమ్మిన ఒక్క మనిషినీ వీధిలో తలదించుకునేలా చేశానని సిగ్గుతో చచ్చిపోయాను.

"నిజంగా వెళ్లాను సుగుణా."

"తెలుసు. ఫోన్లో మాటాడినప్పుడల్లా గాలాడక ఆయాసపడేవోరు, ఇన్నాను గదా."

"మరి ఆ మాట మీ అన్నయ్యకి చెప్పు."

"సెప్పాను. లాడ్జి మెట్లెక్కినా ఆయాసం వత్తాదన్నాడు."

క్రిస్మస్ దగ్గర పడగానే ఆవిడ తీర్పు చెప్పేసింది. పందెం కాసింది తనేగానీ ఓడింది నేను కనక, అరిసెలు నేనే వండాలి. బావగారింట్లో పిండి దంచి, పాకం పట్టి, పొయ్యి ముందు పొగలో కూర్చున్నాను. వచ్చిన ప్రతివాడూ అరిసె కొరుకుతూ లడఖ్‌లో చలెలా ఉందని అడిగాడు.

ఆ పొయ్యి దగ్గరే సుగుణ బైబిలు తెచ్చి నా చేత ప్రమాణం చేయించింది. నిజంగా చేసిన పనికి ఈ జన్మలో మళ్లీ దొంగ రుజువు తయారుచెయ్యనని, నూనె చేతులు తుడుచుకుని, నిండు మనసుతో ఒట్టేశాను. చెయ్యని పనుల సంగతి ఆవిడ అడగలేదు, నేనూ ఎత్తలేదు.