నిచ్చెన ఎక్కినాయన పేరు

ఈరోజు కూడా పోస్టుమ్యాన్ మా గేటు ముందు బండి ఆపలేదు. ఉత్తరం ఉంటే కదా ఆపడానికి అని మా ఆవిడ ఆయన్నే వెనకేసుకొస్తుంది. లేదని చెప్పి పోతే ఆయన సొమ్మేం పోయింది? దూరదేశపు ఓడరేవులో ఉన్న నావికుల విశ్రాంతి గృహానికి, పేరు తెలియని ఒక పెద్దాయన కోసం, ఇప్పటికి నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. నిజానికి నాకిది కొత్తేమీ కాదు. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేశాను. రావలసిన ప్రమోషను గురించి, చిరిగిన సీట్ల గురించి, నలుగురిలో నన్ను ‘ఏయ్’ అని పిలిచిన అధికారి గురించి రాసిన అర్జీల నకళ్ళన్నీ చింతామణిలో మా ఇంటి ట్రంకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఎవరు ఎప్పుడు మొహం తిప్పుకున్నారో ఈరోజుకీ వరసగా చెప్పగలను. కానీ ఈ నాలుగూ అర్జీలు కావు. మేలు చేసినందుకు దండం పెట్టుకునే ఉత్తరాలు. వాటికీ జవాబు రాకపోతే మనిషి ఎవరికి ఫిర్యాదు చేసుకోవాలి?

మా ఆవిడది బాగేపల్లి దగ్గర చాకవేలు. ఆమె తమ్ముడు ఓడలో వంటవాడు. రాళ్ళగుట్టలూ వేరుశనగ చేలూ తప్ప మరొకటి కనబడని ఊళ్ళో, ఎంత లోతుకు బోరు వేసినా దుమ్మే లేచే నేల మీద పుట్టి, నీళ్ళ మీద బతకడానికి పోయాడు. కొన్నేళ్ళ కిందట వాళ్ళ ఓడ యజమాని చేతులెత్తేశాడు. రేవు బయట లంగరు వేసిన ఓడలో వీళ్ళను వదిలేసి మాయమయ్యాడు. జీతం లేదు, దిగడానికి అనుమతి లేదు, ఫోన్లు పలకవు. ఐదు నెలలు మా అత్తగారు ఒళ్ళో ఫోను పెట్టుకుని గడప మీద కూర్చుంది. నేను నాకు తెలిసిన పని చేశాను, అర్జీలు రాశాను. చిక్కబళ్ళాపురంలో ఒక సర్కారీ కచేరీలో గుమాస్తా నా కాగితం చదివి, “ఈ జిల్లాలో సముద్రం యాడ ఉండాదప్పా?” అని నవ్వాడు. ఆ నవ్వూ గుర్తుంది, ఆరోజు ఆయన వేసుకున్న నీలం గళ్ళ చొక్కా కూడా గుర్తుంది.

ఒక మధ్యాహ్నం అత్తగారి ఒళ్ళో ఫోను మోగింది. మాట్లాడింది నా బావమరిదే. ఆ రేవులో నావికుల విశ్రాంతి గృహం నడిపే ఒక పెద్దాయన చిన్న పడవలో వచ్చి, ఊగుతున్న తాళ్ళ నిచ్చెన పట్టుకుని ఓడ మీదికి ఎక్కాడట. బియ్యం, ఉన్ని టోపీలు, ఒక ఫోను తెచ్చాడట. ముందు మీ అమ్మతో మాట్లాడు, తర్వాత తిందువుగాని అన్నాడట. వీడు ఏడుస్తూ మాట్లాడినంతసేపూ ఆయన అటు తిరిగి సముద్రాన్ని చూస్తూ నిలబడ్డాడట. తర్వాత ఎవరెవరినో పట్టుకుని వాళ్ళందరినీ ఇళ్ళకు చేర్చిందీ ఆయనే. నా జన్మలో నేను రాసిన అర్జీలకు దిక్కు లేదుగానీ, రాయని అర్జీకి ఆయన జవాబిచ్చాడు. అంతటి మనిషి పేరు మా బావమరిది కనుక్కోలేదు. “పేరడగకుండా ఎట్లొస్తివిరా?” అంటే, “ఆకలి మీద ఉంటిమి బావా” అన్నాడు. వాణ్ణి నేనింకా క్షమించలేదు.

పోయిన ఏడు ఆ విశ్రాంతి గృహం వాళ్ళు, ఎవరి ఊళ్ళో వాళ్ళు మారథాన్ పరుగెత్తి విరాళాలు పోగుచేసి పంపమని ప్రకటన ఇచ్చారు. నాకు అరవై ఒకటి. అయినా బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురానికి హైవే మీద ఇంచుమించు ఆ మారథాన్ నలభై రెండు కిలోమీటర్లే, సర్వీసంతా నేను నిలబడి తిరిగిన దారి. అత్తగారింట్లో మకాం పెట్టి సాధన మొదలుపెట్టాను. మొదటిరోజు చాకవేలు వీధుల్లో పరుగెత్తుతూ, ఓడల మీద బతికేవాళ్ళకు ఏమైనా ఇయ్యండమ్మా అని ఒక గడప ముందు ఆగాను. లోపలినుంచి ఒక అవ్వ వచ్చి, మారుమాట లేకుండా బిందెడు నీళ్ళు నా నెత్తిన కుమ్మరించి, సంచిలో దోసెడు రాగిపిండి పోసింది. పక్కింట్లోనూ అంతే. నాలుగో ఇంటికల్లా బూట్లలో నీళ్ళు గుచగుచలాడుతున్నాయి. పంచాయితీకి ఫిర్యాదు చేద్దామని ఆ నాలుగిళ్ళ గుర్తులూ పుస్తకంలో రాసుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు కడుపు పట్టుకుని నవ్వింది. వాన పడనప్పుడు మట్టితో వానదేవుడి బొమ్మ చేసి, తలకెత్తుకుని ఇంటింటికీ తిరుగుతారట. ఇంటావిడ నీళ్ళు పోసి పిండి పెడుతుందట. చింతామణి బజారువీధిలో పెరిగిన నాకు అదెక్కడ తెలుసు? “నీళ్ళోళ్ళ పేరు చెప్పి అడుక్కుంటా పరిగెత్తితివి. నువ్వూ అట్లాంటోడివే అనుకున్యారప్పా” అంది. పొరపాటని పోయి చెప్పనా అంటే, “ఎందుకప్పా? పోయనీ, మంచిదే గదా” అంది. ఆ పిండిని బాగేపల్లి పిండిమర యజమాని కొనుక్కున్నాడు. నా మొదటి విరాళం అదే.

పరుగు రోజు తెల్లవారుతూనే బాగేపల్లి బస్టాండులో బయలుదేరాను. టోల్‌గేటు దాటగానే నాతో పనిచేసిన డ్రైవరొకడు బస్సు నెమ్మది చేసి, “ఏమప్పా కండక్టరూ, టికెట్టు లేకుండా పోతాండావే? ఎక్కు!” అని అరిచాడు. సోమేనహళ్ళి దాకా కాళ్ళు మాట విన్నాయి. పేరేసంద్ర దాటాక వినలేదు. ఎండ నడినెత్తికెక్కింది. రోడ్డు కింది మోరీ గోడ మీద కూలబడి, ఇక చాలు, బస్సెక్కేద్దాం అనుకున్నాను. చెయ్యి కూడా ఎత్తాను.

ఆగింది బస్సు కాదు, చాకవేలు నుంచి మండీకి పోయే టమాటాల టెంపో. మొదట నీళ్ళు కుమ్మరించిన అవ్వ ప్లాస్టిక్ బిందెతో దిగి, “లెయ్యప్పా ఓడలాయనా!” అంటూ మళ్ళీ నెత్తిన పోసింది. వెనకే మా అత్తగారు కర్ర పట్టుకుని దిగింది. నన్ను కింది నుంచి పైదాకా చూసి, “ఆయప్ప ఊగే నిచ్చెన ఎక్కినాడు. నీకు తారు రోడ్డుండాది. ఏమప్పా నీ కష్టం?” అంది. నా జీవితంలో పుస్తకంలో రాసుకోకుండా వదిలేసిన అవమానం అదొక్కటే. లేచాను. కొంత పరుగు, కొంత నడక, కొంత కుంటుడు. చిక్కబళ్ళాపురం బస్టాండు చేరేసరికి నీడలు సాగాయి. టమాటాలు మండీలో దింపించి వచ్చిన ఆ ఇద్దరూ టీ అంగడి ముందు నాకోసం కూర్చుని ఉన్నారు.

డబ్బు పంపాను. ధన్యవాదాలు అని వెంటనే కంప్యూటరు నుంచి ఒక కాగితం వచ్చింది. యంత్రం ఇచ్చిన జవాబును నేను జవాబుగా లెక్కవేయను. అత్తగారు ప్రతి శనివారం గుళ్ళో ఆయనకు అర్చన చేయిస్తుంది. పూజారి పేరడిగితే, “నిచ్చెన ఎక్కినాయన” అని చెబుతుంది. ఇంటికొచ్చాక నాకు ఫోను చేసి అడుగుతుంది: “కాగితం వచ్చిండాదా అప్పా? ఆయప్ప పేరేమంట?”

అయ్యా, ఇది ఏ దారినైనా మీకు చేరితే, నాకోసం రాయనక్కర్లేదు. జవాబు కోసం ఆగడం నాకు ముప్పై ఏళ్ళ అలవాటు, ఇంకో ముప్పై ఏళ్ళైనా ఆగుతాను. అత్తగారికి ఎనభై నాలుగు, ఆమె దగ్గర అన్ని శనివారాలు లేవు. మీ పేరేమిటో చెప్పండి.