గుమ్మం దగ్గర చెప్పులు

కోల్‌కతా వీధులు ఊడ్చి ఊడ్చి ముసలిదైన రోజమ్మ ఎక్కడికెళ్లినా గోడవారన నేలమీదే కూర్చుంటుంది. కుర్చీ కనబడితే తుడుస్తుందే తప్ప కూర్చోదు. తమ బస్తీ దగ్గరున్న టికియాపారా స్టేషన్ నుంచి రైల్లో వెళ్తే వచ్చే పల్లెలో కొత్తగా చిన్న ఆసుపత్రి కట్టారు, శుక్రవారం డబ్బుల్లేకుండా కళ్లు చూస్తారట. ఆ కబురు ఇంటింటికీ మోసి, బస్తీ ఆడవాళ్లందర్నీ తనే తీసుకెళ్లింది. ఆమెకూ చూపు మసకేసి, బైబిల్లో అక్షరాలు అలుక్కుపోతున్నాయి. చర్చికి వెళ్లినట్టే గుమ్మం బయట చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని, లోపల గోడవారన చతికిలబడింది.

"బల్లమీద కూకో అత్తా," అంది పక్కింటి పుష్పరాణి.

"ఇక్కడే సల్లగుందే."

అంతలో ఎవరి బిడ్డో వాంతి చేసుకుంది. కొత్త నర్సు చుట్టూ చూసి, నేలమీదున్న రోజమ్మను పనిమనిషనుకుని, "మాషీ, అది తుడిచి మెట్లు కూడా కడిగెయ్యి," అంది బెంగాలీలో. రోజమ్మ లేచి బకెట్టు వెతుక్కుంది.

ఆఖరున పుష్పరాణి కళ్లు చూపించుకుని బయటికొచ్చేసరికి డాక్టరుబాబు కారెక్కేశాడు. రోజమ్మ చివరి మెట్టు కడుగుతోంది.

"నువ్వూ సూపించుకోడానికే వచ్చేవని సెప్పలేదేటత్తా?" పుష్పరాణికి ఏడుపొచ్చింది.

"అందర్నీ పిలిసినారు. నన్నూ పిలిసినారు కదే," అంది రోజమ్మ, గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాలితో తడుముకుంటూ.