వెనక్కి తిరిగి దిగింది

తిరుపతి నుంచి ఐరాల వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్నామె మెడలో మెడల్ ఉంది. పొద్దున మారథాన్‌లో మొదట వచ్చిందట.

"సంతోషమే కదమ్మా," అన్నాను.

"ఏడాదికి రెండు మారథాన్లకు మించి కాళ్ళు ఓర్సుకోవక్కా. ఈ ఏటికి ఇదే ఆఖరుది. చలి ఊర్లో, మిట్టల్లేని దారిలో పరిగెత్తింటే దేశం జట్టుకు కావాల్సిన టైం వచ్చుండేది. నాయన ఒకసారన్నా సూస్తాడని ఈ ఎండలో ఈడ పరిగెత్తినా. వచ్చే ఏటికి వయసు మీరిపోతాది, జట్టుకు నన్నెవురూ పిలవరు."

"మీ నాయన వచ్చినాడా?"

"చెరుకు గానుగ ఈపొద్దు మా వంతంట. రాలేదు."

ఐరాలలో ఆమె కమ్మీ పట్టుకుని, మా వైపు తిరిగి, ఒక్కో మెట్టూ వెనక్కి దిగింది. అంత దూరం పరిగెత్తిన తొడలు ముందుకు దిగనివ్వవట. బస్సంతా నవ్వింది.

కింద నిలబడి, మెడల్ తీసి సంచిలో వేసుకుని, ఇంటిదారి పట్టింది.