సౌండుబాక్సుకు గాజుల దారం

చిత్తూరు కోర్టు వెనక వీధిలో ఇమాంసాహెబ్ అంగడి ఉండేది. అంగడి అని పేరేగాని, ఇంటి ముందరి వసారాకు నాలుగు చెక్కలు బిగించుకున్నాడంతే. వెనక ఇల్లు, మధ్యన గోనెపట్టా పరదా. ఊళ్లో ఎవరి గ్రామఫోను గొంతు పోగొట్టుకున్నా ఆ చెక్కల ముందుకే వచ్చేది.

గ్రామఫోను ప్రాణం బాకాలో ఉందనుకుంటారు చాలామంది. బాకాదేముంది, ఊరికే నోరు! ప్రాణమంతా సూదికి పైన, అరచేతిలో ఇమిడే సౌండుబాక్సులో ఉంటుంది. దాన్లో పల్చటి అభ్రకం బిళ్ల, అదే మన కాకిబంగారం. గూడూరు గనుల నుంచి వచ్చిన తునకను ఇమాంసాహెబ్ పొరలు పొరలుగా చీల్చి, గుండ్రంగా కత్తిరించి పెట్టేవాడు. బిళ్ల అంచుకు మెత్తటి రబ్బరు కావాలి. యుద్ధం పుణ్యమా అని సీమ రబ్బరు రాకపోతే సైకిలు వాల్వు ట్యూబు వేసేవాడు. ఉక్కు సూదులు కరువైతే ఎండిన తుమ్మముల్లు నూరి బిగించేవాడు.

ఇదంతా ఒక ఎత్తు, సూది కడ్డీకి అటూ ఇటూ ఉండే రెండు బుల్లి మరలు ఒక ఎత్తు. అవి బిగిస్తే పాట కీచుమంటుంది, వదులైతే పడిశం పట్టినట్టు మూలుగుతుంది. ఆ రెంటికీ నడుమ వెంట్రుకవాసి చోటుంది. ఆ చోటు పట్టుకోవడమే ఇమాంసాహెబ్ విద్య. గిరాకీ తన రికార్డు తానే తెచ్చుకుని, ఎదురుగా కూర్చుని విని, తల ఊపాకే పెట్టె ఎత్తుకుపోవాలి. అది ఆ అంగడి ఆనవాయితీ.

అలాంటివాడి దగ్గరికి కాపీ హోటలు మునివెంకటప్ప మూడోసారి పెట్టె వెనక్కి మోసుకొచ్చాడు. పాత గిరాకీ గనక ఇన్నాళ్లూ వినకుండానే నమ్మి ఎత్తుకుపోయేవాడు. వచ్చీ రాగానే బల్లమీద దబ్బున దించాడు.

"సాయిబన్నా, నీ సేతికి ఏమైందప్పా? పాడే ఆమెను ఎవురో గిల్లినట్టు అరస్తా ఉండాది! కాపీ తాగేటోళ్లు సగం గలాసు ఆడే పెట్టి లేసిపోతా ఉండారు."

"ముల్లు సరిగ్గా ఎండలేదేమో మునివెంకటప్పా..."

"ముందు ముల్లంటివి, తర్వాత రబ్బరంటివి, ఆపైన యుద్ధమంటివి. జర్మనీవోడొచ్చి నీ మర బిగించినాడా ఏంది? రేపు పొద్దున వొస్తా. ఈ తూరి కుదరకపోతే మద్రాసుకు పంపించేస్తా. ఏమనుకోవాకు."

ఏమనుకోవద్దంటే మాత్రం అనుకోకుండా ఉంటారా? కోర్టుకు వచ్చే జనమంతా ఆ హోటల్లోనే కాపీ తాగుతారు. ఆ పెట్టె పాడినన్నాళ్లూ ఇమాంసాహెబ్‌కు వేరే బోర్డు అక్కర్లేదు. అది మద్రాసు రైలెక్కితే మిగతా పెట్టెలూ దాని వెనకే పోతాయి. అరవై దగ్గర పడ్డాక ఇంకో పని నేర్చుకోవడం ఎవరి తరం?

సౌండుబాక్సు విప్పాడు. బిళ్ల మార్చి, నడిమిన తేనెమైనం చుక్క కొత్తగా పెట్టాడు. తన రికార్డొకటి తిప్పి వింటూ, మరలు మెల్లిగా బిగించుకుంటూ పోయాడు. పాట తేటపడేదాకా బిగించాడు. ఆయన చెవికి బ్రహ్మాండంగా ఉంది. ఇంకేం తప్పు పడతాడో చూద్దాం అనుకుంటూ, తల ఎత్తకుండానే లోపలికి కేకేశాడు.

"ఏమే, ఈ యేడాది పిచ్చుకలు రానే లేదే?"

లోపల చాట పట్టుకుని బియ్యం చెరుగుతున్న భార్య మెహరాజ్ బేగం చేయి ఆగిపోయింది. లేచొచ్చి పరదా తొలగించి చూసింది.

"అజీ, అవి మీ నెత్తిమీదనే ఉండాయి. పొద్దున్నించి గొంతులు సించుకుంటా ఉండాయి."

ఇమాంసాహెబ్ తల ఎత్తాడు. వాసంమీద రెండు పిచ్చుకలు రెక్కలు విదిలించుకుంటూ పోట్లాడుకుంటున్నాయి. ముక్కులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. శబ్దం లేదు. ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు కింద పడింది.

"నాకు సెవుడా?" అన్నాడు కోపంగా.

"సెవుడెందుకు? నా మాట ఇనపడతా ఉండాది గదా. సన్న శబ్దాలే జారిపోతా ఉండాయి. అవి మీకు ఇనపడాలని మరలు బిగిస్తా ఉండారు. ఇనేవోళ్లకు సెవులు కోస్తా ఉండాయి."

"ముందే సెప్పకపోతివే!"

"నాకూ అనుమానమే. గాజులు గలగలమన్నా తిరిగి సూడకపోతే, ముసలిదాన్నయినాను గదా, నా మీద మోజు తగ్గిందనుకున్యా."

ఆ మాటకు ఇద్దరికీ నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. మెహరాజ్ బేగం ఆయన పక్కనే నేలమీద కూలబడింది.

ఆమె పలమనేరులో గాజుల అంగడిలో పుట్టి పెరిగింది. వాళ్ల నాయన గాజుల జతలు తీసి ఆమె చెవి దగ్గర తట్టేవాడు. పగిలిన గాజు కంటికి కనపడకముందే ఆ పిల్లకు చెవిలో తెలిసిపోయేది. ఎన్ని గాజులున్నా పగుళ్లు ఏరి పక్కన పెట్టేసేదట. నిఖా అయి చిత్తూరు వచ్చాక ఆ విద్య ఎవరికీ అక్కర్లేకపోయింది. పొయ్యి దగ్గర కూర్చుని, పరదా వెనక మొగుడు దిద్దే పాటలు వినడమే దానికి మిగిలిన పని.

"మర మీరు తిప్పండి. ఇనేది నాకు వొదిలిపెట్టండి," అంది.

"మునివెంకటప్ప కొత్త రికార్డు తెస్తాడు. దానికి తగ్గట్టు వాడి ముందరే మళ్లీ సర్దాల. నువ్వు పరదా యెనక నుంచి బిగించు, వొదులు చెయ్యి అని కేకలేస్తావా?"

ఆమె లోపలికి పోయి గాజులు గుచ్చే దారం ఉండ పట్టుకొచ్చింది. ఎర్రటి గట్టి దారం. ఒక కొస ఆయన కాలి బొటనవేలికి కట్టింది, రెండో కొస పరదా కింద నుంచి లోపలికి లాక్కుంది.

"ఒకసారి లాగితే వొదులు చెయ్యండి. రెండుసార్లు లాగితే బిగించండి. ఊరికే ఉంటే సరిపోయినట్టు."

మర్నాడు మునివెంకటప్ప రికార్డు చంకలో పెట్టుకుని వచ్చి, స్టూలుమీద కూర్చుని, చేతులు కట్టుకున్నాడు. ఇమాంసాహెబ్ కీ ఇచ్చి ముల్లు ఆనించాడు. పాట మొదలైందో లేదో బొటనవేలిని దారం ఒకసారి లాగింది. మర వదులు చేశాడు. మళ్లీ లాగింది. మళ్లీ చేశాడు. ఈసారి రెండు లాగుళ్లు. కాస్త బిగించాడు. మునివెంకటప్ప కట్టుకున్న చేతులు విడిపోయాయి. అంతలో బేగానికి ఏం వినపడిందో ఏమో, దారం గట్టిగా గుంజేసింది. "యా అల్లా!" అని ఇమాంసాహెబ్ కాలు ఎగిరింది.

మునివెంకటప్ప వంగి చూశాడు. "కాలికి ఏందన్నా ఆ దారం? దిష్టికా?"

అవునప్పా అంటే సరిపోయేది. కాలికి దారం కట్టని వాడెవడు ఆ ఊళ్లో! ఇమాంసాహెబ్ నోటిదాకా వచ్చింది కూడా. ఈ చేతికీ ఈ చెవికీ ఇన్నేళ్లుగా వచ్చిన పేరు ఆ ఒక్క మాటతో నిలబడుతుంది. పరదా వైపు చూశాడు. గోనెపట్టా కింద నుంచి ఎర్రదారం పట్టుకున్న వేళ్లు కొంచెం కనపడుతున్నాయి. పొయ్యి బూడిద అంటిన వేళ్లు. అవీ అబద్ధం కోసం ఎదురుచూస్తున్నట్టే కదలకుండా ఉన్నాయి.

"దిష్టికి కాదప్పా. అది నా సెవి," అన్నాడు ఇమాంసాహెబ్. "సన్న శబ్దాలు నాకు ఇనపడడం లేదు. అందుకే నీ పెట్టెను మూడుసార్లు సెడగొట్టినాను. మర తిప్పేది నేనే. ఇనేది మా ఇంటామె. ఇట్లయితే నాకొద్దు అంటే ఎత్తుకుపో, నేనేమీ అనుకోను."

పాట అయిపోయింది. ముల్లు గరగరమని చివరి గీతలో తిరుగుతోంది. మునివెంకటప్ప లేచాడు. పెట్టె మూసేస్తాడనుకున్నాడు ఇమాంసాహెబ్. అతను మాత్రం ముల్లు ఎత్తి, రికార్డు మళ్లీ మొదటికి పెట్టి, పరదా వైపు తిరిగాడు.

"వదినా, కాపీ హోటల్లో గలాసుల సప్పుడు జాస్తి. దానికి తగ్గట్టు సూసి సెప్పమ్మా," అని మళ్లీ స్టూలుమీద కూర్చున్నాడు.

బొటనవేలిని దారం ఒకసారి మెత్తగా లాగింది. ఇమాంసాహెబ్ మరను వెంట్రుకవాసి తిప్పాడు. ఫిడేలు పైకి పోయే చోట ఆయనకేమీ వినపడలేదు. మునివెంకటప్ప తల ఊగడం కనపడింది. దేవుడిమీద నిన్నటినుంచి ఉన్న నిష్ఠూరం ఆ నిమిషాన పోయింది. పోయే చెవికి బదులు చెవిని, అది పోకముందే, ఎన్నడో పెళ్లినాడే ఇంటికి పంపించి ఉంచాడు ఆ దయామయుడు. ఇన్నేళ్లూ అది బియ్యం చెరుగుతూ కూర్చుంది. షుక్రియా అనుకున్నాడు ఆయన, పైకే అనేశాడు. అది దేవుడికో పరదా వెనకున్న మనిషికో ఆయనా విడదీసి చూసుకోలేదు.

పాట చివరిదాకా పాడింది. దారం మళ్లీ కదల్లేదు.