కాసాయి ఒడ్డున పూటకూళ్ల పాక

దయ్యాలు, గాలి సోకడాలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. మా ఇంట్లో ప్రార్థనే తప్ప తాయెత్తులు ఎరగం. ఇప్పుడు చెప్పేది దయ్యం సంగతి అని కూడా అనను. ఏమనాలో తెలియకే ఇన్నాళ్లూ పాస్టరు గారికి కూడా చెప్పలేదు.

అరవైల చివర మాట. ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ కాలనీలో ఉండేవాళ్లం. మా ఆయన దానియేలు గూడ్సు గార్డు. చుట్టుపక్కల ఏ స్టేషన్ బయట ఏ కొట్టులో ఏం బాగుంటుందో ఆయనకు తెలియనిది లేదు. ఆదివారం ఎటైనా పోదామనుకున్నవాళ్లంతా ముందు మా గుమ్మం ఎక్కేవారు. గోల్‌బజార్‌లో కచోరీ ఎవరి దగ్గర తినాలి, పిల్లలతో ఏ ఊరి సాల చెట్ల అడవికి వెళ్లాలి, ఏ బండికి తిరిగి రావాలి, అన్నీ ఓపిగ్గా చెప్పేవారు. వాళ్ల ఆడవాళ్లు వెళ్లొచ్చి ఏం తిన్నారో నాకు వర్ణించేవారు. నేను పెళ్లయి వచ్చాక ఊరి అంచున ఉన్న ఇందా పేట దాటలేదు. వింటూ వింటూ కడుపు రగిలిపోయేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ అడిగేశాను. "ఊరందరికీ దారి సెప్తారు. నన్నెప్పుడు తీసుకెళ్తారేటి?"

ఆయన కాస్త ఆలోచించి, "కాసాయి ఏటి ఒడ్డున ఒక పాక ఉందంట. డ్రైవర్లు సెప్పినారు. నేనూ సూడనేదు. పోదాం పద," అన్నారు.

ఇందాలో బస్సెక్కి నది దగ్గర దిగాం. గడ్డి పాక, రెండు బల్లలు. వండి పెట్టే బెంగాలీ ఆవిడను అందరూ మాసీ, అంటే పిన్నీ అని పిలుస్తున్నారు. మేం కూర్చోగానే ఆవిడ మా ఆయన వైపు చూసి, "ఈరోజు కూడా దీదీకి ఆవపెట్టిన చేప వద్దు కదా దాదా? పలచటి పులుసే పెడతాను," అంది బెంగాలీలో.

ఆవ ఘాటు నాకు పడదు. ఆ మాట మేమింకా అననే లేదు.

ఆయన నదిని చూపిస్తుంటే నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఇంటికొచ్చి నిలదీశాను.

"ఆ పక్కకి నేనెప్పుడు పోయినాను రూతూ? ఆమె ఎవులినో సూసి నేననుకుంది," అన్నారు.

నమ్మలేదు. ఆయన చొక్కాలు వాసన చూశాను. మా వీధిలో ఆవ తినని ఆడవాళ్లెవరా అని ఒక్కొక్కరినీ కనుక్కున్నాను. ఉండబట్టలేక, ఆయన డ్యూటీకి వెళ్లిన పూట ఒక్కదాన్నే బస్సెక్కాను.

మాసీ గిన్నెలు తోముతోంది. మా ఆయనతో ఇదివరకు వచ్చిన ఆవిడ ఎలా ఉంటుందని నాకొచ్చిన బెంగాలీలో అడిగాను. ఆవిడ చెయ్యి ఆపింది.

"నువ్వే కదా దీదీ. వానలకు ముందు వచ్చారు. దాదా ముద్దలు కలిపి పెడుతుంటే తింటూ ఎంత నవ్వావని. మొన్ననే ఎందుకో మొహం మాడ్చుకున్నావు."

నేను కాదన్నాను. మాసీ నా ముంజేతి మీది మచ్చ చూపించింది. "చిన్నప్పుడు గంజి పడితే మీ అమ్మ సిరా రాసిందని, నీలం చెయ్యేసుకుని బడికి పోయానని చెప్పావు కదా."

అది టెక్కలిలో జరిగింది. చూసిన అమ్మ ఎప్పుడో పోయింది. సిగ్గేసి, మా ఆయనకు కూడా నేను చెప్పుకోని సంగతి.

ఆ సాయంత్రం వడ్డిస్తూ, ఈ మచ్చ ఎలా వచ్చిందో తెలుసా అని అడిగాను.

"గంజి పడింది కదా. మీ యమ్మ సిరా రాసినాది," అన్నారు, తల ఎత్తకుండా.

"మీకెవులు సెప్పినారు?"

"నువ్వే. నవ్వుకుంటా సెప్పినావు."

ఎక్కడ, ఎప్పుడు అంటే ఆయనకు గుర్తు రాలేదు. అబద్ధమాడే మనిషి కాదు. ఆ పూట ఆడుతున్నట్టు కూడా లేదు.

ఇప్పుడు ఆయన లేరు. ఆ నది ఒడ్డున ఆయన చేతి ముద్దలు తిన్నది నేనే అయితే, నాకు ఒక్క ముద్దయినా ఎందుకు గుర్తులేదు? నేను కాకపోతే, నా చెయ్యి వేసుకుని వచ్చింది ఎవరు? ఎంత ఆలోచించినా తెగదు. ఎవరైనా కానీ, ఆ పూట ఆవిడది. నాకు దక్కలేదు.