నాగ్‌పూర్‌లో చుట్టాలున్న కారు

ఆ రోజుల్లో అబద్ధం ఆడడానికి మంచి గొంతు ఒక్కటి ఉంటే చాలని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. దానికి కొంచెం భూగోళం కూడా తెలిసి ఉండాలని తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో అన్నానని మరీ పాతకాలం ఊహించుకోకండి. అప్పటికే అందరి జేబుల్లోనూ స్మార్ట్‌ఫోన్లు వచ్చేశాయి, నా తలమీద జుట్టు ఇంకా పోలేదు, అంతే తేడా. జనగామలో ఒక కార్ల షోరూములో నాకది మొదటి ఉద్యోగం. మా దగ్గర అమ్ముడయ్యేవన్నీ ఇంటిల్లిపాదీ ఎక్కే బండ్లే. కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ముందుగా అడిగేది "ఎంతమంది పడతరు?" అనే. గోడమీద మాత్రం ఒక పోస్టరు ఉండేది. ఎర్రటి స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, మీట నొక్కితే పైకప్పు మడుచుకుని వెనక్కి పోతుంది. దాన్ని ఈ చుట్టుపక్కల ఎవరైనా కొంటారని మాకెవరికీ ఆశ లేదు. (గోడమీద చెమ్మ మరక ఉంటే, అది కనబడకుండా అంటించుకున్నాం.)

ఆ పోస్టరు ముందుకు ఒకరోజు మిర్చక్క వచ్చి నిలబడింది. ఆమెకు మహబూబాబాద్‌లో టోకు మిర్చి వ్యాపారం. అరవై దగ్గరపడ్డ మనిషి, బంగారు అంచు కళ్ళద్దాలు, లారీ డ్రైవర్లను గదమాయించి గదమాయించి బొంగురుపోయిన గొంతు. ఆమె దగ్గరికి వస్తే ఎవరికైనా తుమ్ము వచ్చేది. నాకూ వచ్చింది.

"గీ బండ్ల ఇద్దరే పడతరా?" అంది.

"ఇద్దరేనక్కా. కాని మన దగ్గర పెద్దయి కూడ ఉన్నయి, ఏడుగురు మంచిగ..."

"ఆ ఏడుగురితోనే నాకు లొల్లి తమ్మీ. నేను బండి తీసిన్నంటె చాలు, మా ఆడబిడ్డ, ఆమె కోడలు, కోడలి అవ్వ, అందరు చెప్పులేసుకోని తయారుంటరు. నాకు ఇద్దరు పట్టేదే కావాలె. రాసుకో. వచ్చే నెలాఖరుకు నా చేతిల ఉండాలె, గది మాత్రం మర్చిపోకు."

మా మేనేజరును మేము చూద్దాం సారు అనేవాళ్ళం, ఆయన దేనికైనా "చూద్దాం" అనే అంటాడు కాబట్టి. ఆ రోజు మాత్రం సారు "చూద్దాం" అనకుండా నాకు చేయి కలిపాడు. షోరూము మొత్తం నన్ను వింతగా చూసింది. నేను మిఠాయి పంచాను.

పుణె దగ్గరి ఫ్యాక్టరీలో కారు అనుకున్న రోజుకే తయారైంది. ఫోటో కూడా పంపారు. ఆ తర్వాతే చిక్కొచ్చింది. కారు అక్కడ, మేమిక్కడ, మధ్యలో దాన్ని తెచ్చే లారీ లేదు. ఒక వారం పోయింది, రెండో వారం పోయింది. ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే "డిస్పాచ్‌లో ఉంది" అంటారు. అంటే ఏమిటని సారునడిగితే "చూద్దాం" అన్నాడు. ఇటు మిర్చక్క రోజూ పొద్దున పది గంటలకు ఫోన్ చేసేది. మొదటిరోజు నిజమే చెబుదామనుకున్నాను. తీరా ఫోనెత్తాక నా నోట్లోంచి "బయల్దేరిందక్కా" అని వచ్చింది. బయల్దేరినదాన్ని ఎక్కడో ఒకచోట నిలబెట్టాలి గదా. మర్నాడు "నాగ్‌పూర్‌ల ఉన్నది" అన్నాను. ఎందుకు నాగ్‌పూర్ అంటే, మహారాష్ట్రలో ఠక్కున గుర్తొచ్చిన ఊరు అది. ఆ ముందురోజే కమలాపండ్లు తిన్నాను.

ఒకసారి నాగ్‌పూర్ చేర్చాక కారుకు నా చేతుల్లో మంచి చురుకుదనం వచ్చింది. డ్రైవరుకు జ్వరం తెప్పించాను, తగ్గించాను. టైరు పంక్చర్ చేశాను. సరిహద్దులో కాగితాల తనిఖీ పెట్టించాను. ఆదిలాబాద్‌లో కుండపోత వాన కురిపించి, వాగు పొంగించి, లారీని అవతలి గట్టున ఆపేశాను. ప్రతిదానికీ మిర్చక్క "అయ్యో, అట్లనా? డ్రైవర్‌ను జర పైలమనుమను" అనేది ఎంతో జాలిగా. నా పనితనానికి నేనే మురిసిపోయేవాణ్ణి. (రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు గానీ, అది దోమల వల్ల అనుకున్నాను.)

వాగు పొంగిన మర్నాడు మిర్చక్క ఫోన్ చేయలేదు. మహబూబాబాద్‌లో రైలెక్కి, చేతిలో టిఫిన్ డబ్బాతో నేరుగా వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఆదిలాబాద్‌ల వాన తగ్గిందా తమ్మీ?"

"ఇంకా పడుతున్నదక్కా."

"మా మిర్చి లారీ నిన్న ఆడనే ఆగింది. డ్రైవర్ తువ్వాల ఎండేసుకుంటున్న అన్నడు. ఎండ మస్తున్నదట." డబ్బా మూత తీసి, తీరిగ్గా ఒక సకినం విరిచి నా చేతిలో పెట్టింది. "ఇగ ఇంకోటి. పుణెకెల్లి వచ్చే లారీ షోలాపూర్ మీదికెల్లి వస్తది. ఇరవై ఏండ్ల సంది లారీలు నడుపుతున్న, నాకెర్కే. మరి నీ కారు నాగ్‌పూర్‌కు ఎందుకు పోయింది? దానికి ఆడ చుట్టాలున్నరా?"

సకినం నా గొంతులో అడ్డం పడింది. నీళ్ళు కూడా ఆమే ఇచ్చింది.

"నాగ్‌పూర్ అన్ననాడే దొరికిపోయిన్నా అక్కా?"

"అన్ననాడే. ఇంకా ఎక్కడెక్కడ తిప్పుతవో సూద్దమని ఊకున్న. మా గుమస్తాలు రోజు పదింటికి పని ఇడిచిపెట్టి నా చుట్టు చేరెటోళ్ళు, ఇయ్యాల లారీ ఏడున్నదని. ఫోన్ల గొంతు పెద్దగ వినబడేటట్టు పెడితి." అంత నవ్వుతున్న మనిషి ఉన్నట్టుండి ఆగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "కాని ఇగ నవ్వులాట కాదు. ఈ నెలాఖరుకు భూపాలపల్లిల మా దోస్తు రిటైరైతున్నది. బళ్ళె టీచరమ్మ. మాది నెల్లికుదురు, ఇద్దరికి ఒక్కటే సైకిల్. ఆమెనే తొక్కేది. నేను ఎనుక కూసుందును. నాకు తొక్కరాకపోయె. పది పాసయ్యేదాక నన్ను మోసింది. ఆఖరిరోజు బడి గేటుకాడికెల్లి ఆమెను నేను ఇంటికి తీసుకపోవాలె. నేను తోలాలె, ఆమె పక్కన కూసోవాలె. మూడో మనిషి ఉండొద్దు. గందుకే రెండు సీట్లు."

నేను సిగ్గుపడ్డ సందర్భాలు జీవితంలో చాలా ఉన్నాయి గానీ, సకినం పలుకులు అంటిన మూతితో పడ్డ సిగ్గు అదొక్కటే. అప్పటికప్పుడు ఆమె ముందే ఫ్యాక్టరీవాళ్ళకు ఫోన్ చేసి, ఈసారి "డిస్పాచ్‌లో ఉంది" అంటే వదలకుండా అరగంట పట్టుకున్నాను. అసలు సంగతి బయటికొచ్చింది. కార్లను మోసే పెద్ద కంటైనరులో ఆరు బండ్లు పడతాయి. మా వైపు వచ్చేవి నాలుగే ఉన్నాయి. ఇంకో రెండు వస్తేగానీ కంటైనరు కదలదు.

మిర్చక్క బల్ల మీద చేత్తో కొట్టి నవ్వింది. "అంత పెద్ద కంపెనీ, గిది కూడ మా నెల్లికుదురు షేరాటో లెక్కనే నిండినంకనే కదుల్తదా? మరి ఆటోవాడు ఏం చేస్తడు? కూసుంటడా? రోడ్డు మీదికొచ్చి కేకేస్తడు. నువ్వు కూడ కేకెయ్యి."

నేను కేకేశాను. ఖమ్మం, కరీంనగర్, నల్లగొండ, సూర్యాపేట, కనబడిన ప్రతి షోరూముకూ ఫోన్ చేసి "అన్నా, మీ బండ్లేమన్న పుణెల ఆగినయా?" అని అడిగాను. పక్కనే కూర్చున్న మిర్చక్క ఫోను ఫోనుకూ నాకొక సకినం ఇచ్చింది. తొమ్మిదో సకినానికి రెండు బండ్లు దొరికాయి. కంటైనరు నిండింది, కదిలింది, షోలాపూర్ మీదుగానే వచ్చింది. టీచరమ్మ రిటైరయ్యే రోజు పొద్దునకు కారు హైదరాబాద్ యార్డు దాటి, ఒక చిన్న ఓపెన్ లారీ మీద జనగామ దారిలో ఉంది. మిర్చక్క పట్టుచీర కట్టుకుని పొద్దున్నే షోరూముకు వచ్చేసింది. మధ్యాహ్నం మూడింటికి బడిలో సన్మానం.

లారీ రాలేదు. ఎనిమిదింటికి రావలసింది, తొమ్మిదిన్నరైంది. డ్రైవరుకు ఫోన్ చేశాను. అతనిది మరిపెడ అవతల తండా, నెమ్మదస్తుడు. చెప్పింది విని ఫోన్ చెవిమీద నుంచి తీసి, దేవుడా అనుకున్నాను.

"ఏమైంది?" అంది మిర్చక్క.

"అక్కా, లారీ ఆలేరు కాడ ఆగింది. డ్రైవరన్న టీ తాగుతుంటె... తాళంచెవులు కోతి ఎత్తుకపోయిందట."

"తమ్మీ, వాన దాకా బాగనే చెప్పినవు. కోతి దగ్గరికొచ్చేసరికి జర సోయి తప్పినవు."

జీవితంలో మొదటిసారి నిజం చెబుతున్నాను, నమ్మేవాళ్ళు లేరు! వెంటనే వీడియో కాల్ చేశాను. డ్రైవరు ఫోనును పైకి తిప్పాడు. టీ కొట్టు రేకుల మీద ఒక లావుపాటి కోతి కూర్చుని, తాళంచెవుల గుత్తిని తీరుబడిగా కొరుకుతోంది. మిర్చక్క నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"డ్రైవరన్నా, రాళ్ళెయ్యకు! అరటిపండ్లు కొను. ఒక్కటి సూపియ్యి, ఇయ్యకు... సూసిందా? ఇప్పుడు గెలంత కింద పెట్టు. ఇగ దాని దిక్కు సూడకుంట ఎనుకకు తిరిగి నడువు."

"తాళంచెవులు ఇయ్యలేదు గదక్కా?"

"నడువుమంటున్నగా! మనకు అక్కెర లేనట్టుంటెనే బేరం తెగుతది."

డ్రైవరు ఏడుపు మొహంతో పది అడుగులు నడిచాడు. వెనక రేకుల మీద ఘల్లుమంది. కోతి గుత్తిని వదిలేసి గెలను రెండు చేతులా వాటేసుకుంది. షోరూములో అందరం చప్పట్లు కొట్టాం. చూద్దాం సారు ఈల వేశాడు. (ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.)

లారీ వచ్చేసరికి పదిన్నర. అప్పుడు సారు నెత్తి గోక్కున్నాడు. తాత్కాలిక నంబరు రాలేదు, ఇన్సూరెన్సు కాలేదు. సాయంత్రం దాకా కారు రోడ్డు మీద నడవకూడదు.

"టైర్లు రోడ్డుకు తాకొద్దు, అంతే గదా సారు?" అంది మిర్చక్క. "తాకనియ్యం. లారీని గిట్లనే భూపాలపల్లికి మర్లియ్యి."

సారు "చూద్దాం" అనేలోపు ఆమె లారీ క్యాబిన్‌లో కూర్చుంది. నేనూ ఎక్కాను. భూపాలపల్లి బడి గేటు ముందు లారీ ఆగేసరికి సన్మానం అయిపోయి పిల్లలంతా బయటికి వస్తున్నారు. మెడలో బంతిపూల దండతో టీచరమ్మ వచ్చింది. సన్నగా, పొడుగ్గా, కొరడాలా ఉండే మనిషి. లారీ మీద తళతళలాడే ఎర్రకారునూ, దాని పక్కన నిలబడ్డ స్నేహితురాలినీ చూసి, "ఏందే గిది? పిచ్చిలేసిందా?" అంది.

"ఎక్కు. ఇయ్యాల నేను తోల్త."

పిల్లలు తరగతి గదిలోంచి బల్ల తెచ్చి, దానిమీద స్టూలేశారు. టీచరమ్మ చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని ఎక్కేసింది. తాళ్ళతో గట్టిగా కట్టిన కారులో మిర్చక్క స్టీరింగు ముందు, టీచరమ్మ పక్కన. పైకప్పు తెరుచుకుంది. లారీ మనిషి నడిచేంత మెల్లగా బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్ల వైపు కదిలింది. పొద్దుటి షిఫ్టు దిగి వస్తున్నవాళ్ళు సైకిళ్ళూ మోటారుసైకిళ్ళూ ఆపి తలెత్తి చూశారు. లారీ ఏ మలుపు తిరిగితే మిర్చక్క ఆ వైపే స్టీరింగు తిప్పుతోంది, మహా శ్రద్ధగా. "జర మెల్లగ పోవే!" అని టీచరమ్మ అరుస్తోంది. ఇద్దరూ నవ్వుతున్నారు, ఇద్దరి కళ్ళల్లోంచీ నీళ్ళు. ఒకరు హారను మీద నుంచి చేయి తీస్తే ఇంకొకరు పెడుతున్నారు.

నా పనల్లా లారీ ముందు వెదురు గడ పట్టుకుని నడవడం. ఆ వీధుల్లో కేబుల్ టీవీ వైర్లు కిందికి వేలాడుతుంటే, ఆ ఆడవాళ్ళ తలలకు తగలకుండా ఒక్కొక్కటే పైకెత్తి పట్టుకోవాలి. టీచరమ్మ ఇంటిదాకా అలాగే నడిచాను, మెడ వెనక్కి విరుచుకుని, ఆకాశాన్ని చూస్తూ.

ఇప్పుడు నేనే మేనేజరును. లారీ ఎక్కడుందో కొనేవాళ్ళకే ఫోనులో చుక్కై కనబడుతుంది, వానలు కురిపించే అవసరం ఎవరికీ లేదు. మా షోరూము పిల్లలతో "ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అని చాలా గంభీరంగా అంటుంటాను. ఆనాడు భూపాలపల్లి నుంచి వచ్చాక నాకు మూడు రోజులు మెడ పట్టేసింది. ఈమధ్య రోజంతా కుర్చీలో కూర్చున్నందుకే పట్టేస్తోంది. ఎందుకు నొప్పి అని డాక్టరు అడిగితే, చెప్పుకోవడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ ఉండదు.