రాతిబొమ్మ కట్టిన పెళ్లిచీర

మొన్న మా మనవరాలి పెళ్లిబట్టలు కుట్టడానికి హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పాతకాలపు రాణులు కట్టుకున్న తీరులో కావాలని మా పిల్ల కోరిక. ఆ అమ్మాయి ఫోనులో శిల్పాల బొమ్మలు ఒకదాని వెంట ఒకటి చూపిస్తూ, కుచ్చిళ్లు ఇలా పెడదాం, నడుము పట్టీ ఇలా తెద్దాం అని చెబుతుంటే నేను మంచం మీద కూర్చుని వింటున్నాను. ఇంతలో ఒక రాతి నర్తకి బొమ్మ వచ్చింది. ఆ బొమ్మ ఏ గుడిదో నాకు తెలియదు గాని, అది కట్టిన బట్ట నాకు తెలుసు. అచ్చం అలాంటిది కట్టుకునే నేను పెళ్లిపీటల మీద కూర్చున్నాను. దాన్ని ఊహించిందీ నేసిందీ మా మేనత్త.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తరోజులవి. మాది కరీంనగర్‌లో నేతపనివాళ్ల వాడ. పొద్దున లేస్తే ఇంటింటా మగ్గాల చప్పుడే. మా ఇంట్లో నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. బాపు నేలగుంటలో కాళ్లు దించి గుంటమగ్గం మీద నేసేవాడు, అవ్వ పడుగుకు నిలువు పోగులు సర్దేది, బాపు తల్లి, అంటే మా బాపమ్మ, గోడకు ఆనుకుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. తాత చిన్నవయసులోనే పోతే, ఆ రాట్నంతోనే పిల్లల్ని సాకిందామె. మేనత్త బాపుకు చెల్లెలు. పెళ్లయ్యాక భర్తతో షోలాపూరు పోయింది. అక్కడ ఆయన జ్వరంతో పోతే, ఇరవై ఏళ్లయినా నిండకుండా పుట్టింటికి తిరిగొచ్చింది. మాట తక్కువ. వంటింటి పనులు ఆమెవి. శుభకార్యాల పనులు మాత్రం ఆమెవి కావు. అలా అని ఎవరూ నోరు తెరిచి చెప్పేవాళ్లు కాదు గాని, పసుపు దంచేటప్పుడు ఆమె తనంతట తానే లేచి పెరట్లోకి పోవడం నాకు బాగా గుర్తు.

నాకు పక్కవాడ సంబంధం కుదిరాక ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని కొండగట్టు అంజన్న దర్శనానికి వెళ్లాం. తిరుగుదారిలో పెద్దవాన పట్టుకుంటే చేన్ల మధ్య ఉన్న ఒక పాడుబడ్డ గుడిలోకి పరుగెత్తాం. కాకతీయుల నాటిదని ఊరివాళ్లు అనుకునేవాళ్లట. లోపల గబ్బిలాల కంపు, పైకప్పులో సగం కూలిపోయి ఆకాశం కనిపిస్తోంది. మేమంతా సద్దిమూట విప్పుకుని తింటుంటే మేనత్త రాలేదు. చూస్తే ఒక స్తంభం దగ్గర నిలబడి, తడిసిన కొంగుతో రాతిబొమ్మ మీది దుమ్ము తుడుస్తోంది. దగ్గరికి పోయాను. బొమ్మ తొడల మీద ఉన్న సన్నని గీతలు పగుళ్లనుకున్నాను. ఆమె నా వేలు పట్టుకుని వాటి మీద నడిపించింది. పగుళ్లు కావవి. తీగలు, పూలు, అంచులు. నడుము నుంచి పాదాల దాకా మడతల మీద మడతలుగా దిగిన కుచ్చిళ్లు. రాయిని తాకుతుంటే బట్టను తాకినట్టే ఉంది.

“నేసినోని చెయ్యి చూడు బిడ్డా,” అన్నది మెల్లగా. “చెక్కినోడు గూడ ఆ నేతకు దండం పెట్టి చెక్కినట్టున్నది. గని గీ మడతల లోపల ఏమేసిండో, గది మాత్రం రాయి చెప్తలేదు.”

ఆ లోపలిదే ఆమెను పట్టుకుంది. ఇంటికొచ్చాక నా పెళ్లిచీర కోసం పెరట్లో ముగ్గుపిండితో చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో చుక్క ఒక్కో పోగు. చెరుపుతుంది, మళ్లీ పెడుతుంది. పాతచీర ఒకటి నాకు కట్టి, కుచ్చిళ్లు పెట్టి, మడత ఎక్కడ పడుతుందో అక్కడ బొగ్గుతో గీస్తుంది. రాతిబొమ్మకు మొలనూలు, దండకడియాలు ఉన్నాయి. మాకు అంత బంగారం ఎక్కడిది? మొలనూలి గొలుసులను నడుము మీద పడేచోట నేతలోకే దించింది, దండకడియాలను రైక చేతుల అంచుగా మార్చింది. బొమ్మకు అసలు రైకే లేదు కదా అని నేను నవ్వితే, ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. షోలాపూరు నుంచి వచ్చాక ఆమె నవ్వగా చూడడం అదే మొదలు.

ఇక మడతల లోపల ఆమె పెట్టింది హంసలు. కుచ్చిళ్లు మూసుకుని ఉంటే పసుపునేల మీద ఎర్రతీగ ఒక్కటే కనిపించాలి. కట్టుకున్న మనిషి అడుగు వేస్తే మడతలు విచ్చుకుని హంసలు బయటికి రావాలి. ఆ ముగ్గు పక్కన గొంతుక్కూర్చుని బాపు చుక్కలన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. తర్వాత తనే పడుగు వేయించాడు. చెల్లెలు చెబుతుంటే తాను నేస్తానన్నాడు, ఎందుకంటే పెళ్లిబట్ట మీద ఆమె చెయ్యి పడకూడదని బాపమ్మ ముందే గట్టిగా చెప్పింది. నేశాడు, విప్పాడు, మళ్లీ నేశాడు. హంస సగం మడత లోపల, సగం బయట పడుతోంది. చివరికి గుంటలోంచి కాళ్లు తీసి పైకి వచ్చాడు.

“నాతోని అయితలేదు చెల్లె. నువ్వే కూసో.”

మేనత్త తల్లి వంక చూసింది. బాపమ్మ ముఖం తిప్పుకుంది. ఆ నాటి నుంచి కూతురితో మాట్లాడడం మానేసింది గాని, కండెలు చుట్టడం మానలేదు. మా వాడలో ఆడవాళ్లు మగ్గమెక్కేవాళ్లు కాదు. మేనత్త ఎక్కింది. షోలాపూరు గదిలో, అడ్డు చెప్పేవాళ్లు లేనిచోట, భర్త ఆమెకు నేత నేర్పాడన్న సంగతి అప్పుడు గాని మాకు తెలియలేదు. ఆమె వేళ్లు పోగులు ఎత్తుతుంటే బాపు అంతటి పనివాడు కూడా పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయేవాడు. మొదటి హంస పూర్తిగా మడతలో ఇమిడిన రోజున అవ్వ చేతులు జోడించింది.

చీర చివరికి వస్తుండగా ఒక మధ్యాహ్నం పెళ్లికొడుకు తల్లి లగ్గం మాటలు మాట్లాడడానికి వచ్చింది. బాపు ముందరి అర్రలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. ఆమె చెంబు ఎత్తబోయి ఆగింది. లోపల మగ్గం ఆడుతోంది.

“అన్నా, నువ్వు గీడ కూసున్నవ్. మగ్గం ఎవలాడిస్తుండ్రు?”

బాపు జవాబు చెప్పేలోగా ఆమె లేచి లోపలికి తొంగిచూసింది. మేనత్త చేతిలో అడ్డపోగు తోసే నాడె ఆగిపోయింది.

“పెండ్లిచీరనా గిది?” ఆమె గడప దాటకుండానే ఆగి అడిగింది. “మొగడు పోయినామె నేసిన బట్ట కట్టి నా కొడుకు పక్కన కూసుంటదా? నాకు ఒక్కడే కొడుకు అన్నా. గీ పెండ్లి నాతోని కాదు.”

మేనత్త దోషిలా గుంటలోంచి లేవబోయింది. అప్పుడు గోడ దగ్గర రాట్నం చప్పుడు ఆగింది. బాపమ్మ చేతిలో కండెతోనే లేచి వచ్చింది.

“నువ్ కూసో,” అన్నది కూతురితో, అన్నాళ్ల తర్వాత. ఆ పైన పెళ్లికొడుకు తల్లి వైపు తిరిగింది. “బిడ్డా, నీ పెండ్లిచీర గూడ మా ఇంట్ల నేసిందే. దానికి కండెలు చుట్టిందెవలు? నేనే. అప్పటికే నా పుస్తె తెగింది. గా చీర కట్టుకునే నువ్వు పీట మీద కూసున్నవ్. నీ పెనిమిటి సల్లగున్నడు, కొడుకు పుట్టిండు. నీకేం తక్కువైంది చెప్పు?”

పెళ్లికొడుకు తల్లి మెల్లగా గడప మీద కూర్చుంది. చెయ్యి చాచి, నేసినంత మేరకు చీర అంచును వేళ్లతో నిమిరింది.

“లగ్గం నాటికి అయితదా మరి?” అని మాత్రం అడిగింది.

అయింది. పెళ్లిరోజున అవ్వ నాకు ఆ చీర కట్టింది. మేనత్త పందిట్లోకి రానన్నది. ఎవరెంత చెప్పినా వెనుక అర్రలోనే ఉండిపోయింది. పీటల మీదికి పోయేముందు నేనే ఆమె దగ్గరికి వెళ్లాను. ఆమె నా ముఖం చూడలేదు. నా చుట్టూ ఒకసారి తిరిగింది, నేల మీద కూర్చుని ఒక్కొక్క మడత సరిచేసింది, దూరంగా జరిగి గోడకు ఆనుకుంది.

“రాయి నడువలేదు బిడ్డా,” అన్నది. “నువ్వు నడువు.”

నడిచాను. మడతలు విచ్చుకున్నాయి. తల వంచి చూసుకుంటే నా పాదాల చుట్టూ ఎర్రని హంసలు ఒకదాని వెంట ఒకటి వచ్చి, మళ్లీ లోపలికి పోతున్నాయి. ఎన్ని వందల ఏళ్లుగానో ఆ గుడిలో కదలకుండా నిలబడ్డ ఆ రాతిబొమ్మ నాలోంచి అడుగు వేస్తోందనిపించింది. మేనత్త రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

నూలుచీర కదా, పండుగలకూ పబ్బాలకూ కట్టీ కట్టీ చివరికి చినిగిపోయింది. మేనత్త కూడా లేదు. మరమగ్గాలు వచ్చాక మా వాడలో మగ్గాల గుంటలన్నీ ఒక్కొక్కటిగా పూడ్చేసి పైన బండలు పరిచారు. నా చిన్నకొడుకు పోయాడు. చిన్న కోడలూ మేనత్తలాగే భర్తను పోగొట్టుకున్న మనిషి. మనవరాలి పెళ్లిబట్టల పని మొత్తం ఇప్పుడు ఆమె చేతుల మీదే నడుస్తోంది. ఎవరూ వేలెత్తి చూపరు. చూసి నా కడుపు నిండుతుంది. మేనత్త ఈ కాలంలో పుట్టి ఉంటే అని అనుకుంటాను. అనుకున్నాక, పుట్టి ఉంటే మాత్రం ఎక్కడ కూర్చుని నేసేదని సందేహం వస్తుంది. మగ్గమెక్కవద్దని ఆడదానికి చెప్పేవాళ్లు మా వాడలో ఇప్పుడు లేరు. ఎక్కడానికి మగ్గమూ లేదు.